తవుడు బేరం

గోదారి దాటించే పంటు ఇసకమేట మీద కూర్చుంది. మామూలుగా కూర్చోలేదు, అలిగిన కొత్తల్లుడు మంచం మీద కూర్చున్నట్టు, ఎవరు బతిమాలినా లేచేది లేదన్నట్టు కూర్చుంది. వెనక సఖినేటిపల్లి రేవు, ముందు నర్సాపురం రేవు, రెండూ కళ్ళెదుటే ఉన్నాయి గానీ చేరడానికి రెండూ కుదరవు. సరంగు ఇంజను ఆపేసి, గోదారి ఆటు మీదుందండీ, పోటు తగిలితే గానీ లేవదు, ఓ గంట ఓపిక పట్టండని చెప్పి, ఇందులో తన తప్పేమీ లేనట్టు బీడీ ముట్టించుకున్నాడు. మోటారు సైకిళ్ళవాళ్ళు కాసేపు విసుక్కుని ఊరుకున్నారు. అరటిగెలల ఆసామి గెలల మీద తడిగోనె కప్పి ఆ నీడలోనే తనూ ఇరుక్కున్నాడు. మాధవీలతకి మాత్రం ఆ గంట దొరికినందుకు లోలోపల హాయిగానే ఉంది. సభ సాయంత్రం కదా, తొందరేముంది. కంగారల్లా పక్కన కూర్చున్న అమ్మ గురించే. అమ్మ, అంటే వెంకటరమణమ్మ, కంటి డాక్టరుకి చూపించుకోడానికి నర్సాపురం వెళ్తున్నానని నిన్నటినుంచి వీధి వీధంతా చాటింపు వేసింది. కంటి డాక్టరు దగ్గరకి పట్టుచీర కట్టుకెళ్ళే మనిషిని ఈ భూమ్మీద మాధవీలత ఇంతవరకూ చూడలేదు. ఇప్పుడు చూస్తోంది. ఆకుపచ్చ పట్టుచీర, దానికి ఎర్రంచు, పెట్టెలోంచి తీసిన మడతలు ఇంకా పోలేదు. ఇదేంటమ్మా అంటే, ఆసుపత్రంటే నలుగురూ వచ్చే చోటు కదే అంది, మొహం గోదారి వైపు తిప్పుకుని.

అసలు సంగతి ఇద్దరికీ తెలుసు. తెలుసని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోరు, అంతే. నర్సాపురం గ్రంథాలయం వాళ్ళు మాధవీలత నవలకి బహుమతి ఇస్తున్నారు, ఫోన్ చేసి, అమ్మగారిని కూడా తీసుకురండి, వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతాం అన్నారు. ఇన్నేళ్ళలో ఎన్ని సభలు, రాజమండ్రిలో, అమలాపురంలో, ఒక్కదానికీ గడప దాటని మనిషి, ఈసారి ఆ ఫోన్ విన్న మర్నాటినుంచీ కళ్ళు మసకలంటోంది. సంతోషమే. కానీ శాలువా కప్పేటప్పుడు ఎవరో ఒకరు మైకు మూతి దగ్గర పెడతారు, అమ్మా, ఇంతటి అమ్మాయిని కన్నందుకు మీకెలా ఉంది అంటారు. అప్పుడు అమ్మ, ఇన్నాళ్ళూ అడిగిన ప్రతివాళ్ళకీ ఏం చెప్పిందో అదే చెబుతుంది. మాది కాదండీ, ఎలీసమ్మది. మైకులో చెబుతుంది. హాలంతా మార్మోగుతుంది. పాపం అధ్యక్షుల వారు చప్పట్లు కొట్టాలో మానాలో తెలియక చేతులు గాల్లో పెట్టుకు నిలబడతారు. ఇది తల్చుకుంటే మాధవీలతకి నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఎందుకంటే తనకి కావలసింది ఒకటే. నలభైకి దగ్గరపడి, చెంపల దగ్గర వెంట్రుకలు తెల్లబడి, తనే ఒక పిల్లకి తల్లయి, బళ్ళో అరవైమంది పిల్లలకి పంతులమ్మయి, ఇంకా సిగ్గులేకుండా కావలసింది అదే. మా అమ్మాయే అని అమ్మ నోటంట ఒక్కసారి వినాలి. బహుమతి ఇచ్చినా మానినా సరే.

మాది కాదండీ అన్న మాట వెనక ఒక బేరం ఉంది, తవుడు బేరం. మాధవీలతకి ముందు ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోయారు, ఎవరూ పురిటి స్నానం దాకా నిలవలేదు. ఇది కూడా పోతే కోడలు దక్కదని నాయనమ్మకి భయం పట్టుకుంది. అందుకని బిడ్డ బయటపడగానే చేటలో పడుకోబెట్టి మంత్రసాని ఎలీసమ్మకి అమ్మేశారు, చేటెడు తవుడుకి. పిల్ల వాళ్ళది కాదు కాబట్టి చావు ఆ ఇంటి గుమ్మం దాకా వచ్చినా, ఇక్కడ మీకు రావాల్సిందేమీ లేదండీ అని తిప్పి పంపేయొచ్చు, అదీ ఎత్తు. కొనడానికి తవుడు మా బస్తాలోంచే తీసుకోవే అని నాయనమ్మ ధర్మంగా చెబితే, ఎలీసమ్మ ఒప్పుకోలేదట. మీ తవుడుతో మీ పిల్లని కొంటే అది దొంగబేరం అవుద్దండీ, చావుకి ఆమాత్రం తెలీదాండీ అని, ఊరవతల పేటకి వెళ్ళి తన ఇంట్లోంచి తవుడు తెచ్చుకుని మరీ కొనుక్కుందట. ఆ ఇంట్లో ఎలీసమ్మ పురిటి గదిలోకి రావచ్చు, వంటింటి గడప తొక్కకూడదు. అలాంటి ఎలీసమ్మకి ఆ ఇంటి పిల్ల సొంతం. చావు ఎంత తెగించినదైనా పేట దాకా వెళ్ళి వాకబు చెయ్యదని వీళ్ళ ధీమా కాబోలు. బిడ్డ బతికింది. పేరు తవిటమ్మ అని పెట్టారు, వింటే ఎవరికీ కన్నెయ్యబుద్ధి కాకూడదని. అందరిళ్ళల్లోనూ అయిదేళ్ళు వస్తే గండం గడిచిందని ఈ దొంగాట ఆపేస్తారు, నాయనమ్మా ఆపేసింది. అమ్మ ఆపలేదు. చావుకి వయసు పట్టింపు ఉందని మీకెవరు చెప్పేరండీ అని అత్తగారి మొహం మీదే అడిగిందట. అమ్మ అత్తగారికి ఎదురు చెప్పడం జీవితంలో అదొక్కసారే.

నీళ్ళు పంటు చెక్కలకి మెల్లిగా తగుల్తున్నాయి, పోటు మొదలైందో గాలికో తెలియదు. ఎదురుగా బల్ల మీద తెల్ల లుంగీ, భుజమ్మీద తువ్వాలు, ఒక పెద్దాయన పేపరు మడత విప్పి జిల్లా పేజీ చూస్తున్నాడు, పేపరు మీంచి ఒకసారి మాధవీలతని చూస్తున్నాడు, మళ్ళీ పేపర్లోకి చూస్తున్నాడు. బొమ్మ వేశారన్నమాట. ఇప్పుడు పలకరిస్తాడు, ఆ తర్వాత అమ్మ వైపు తిరుగుతాడు, ఆ తర్వాత ఆ ప్రశ్న. మాధవీలత చటుక్కున మొహం తిప్పుకుంది. అమ్మ చెయ్యి పక్కనే ఉంది, ఒళ్ళో చేతిసంచీ మీద, నరాలు తేలిన చెయ్యి. ఆ చెయ్యి తమ్ముడు చిన్నబ్బాయి తల ఎన్నిసార్లు నిమిరిందో లెక్కే లేదు. వాడు పుట్టేసరికి బిడ్డలు నిలిచే దారి పడింది, చావు ఆ వీధి మర్చిపోయింది, అంచేత వాడు ధైర్యంగా అమ్మ కొడుకయ్యాడు. నా తండ్రే, నా బంగారు కొండే అని వాణ్ణి నడివీధిలో ఎత్తుకుని ముద్దాడేది, పక్కనే పావడా కుచ్చిళ్ళు నోట్లో పెట్టుకుని నిలబడ్డ పిల్లని ఎవరైనా అడిగితే, అబ్బే, మాది కాదండీ. పిల్లకి ఏడేళ్ళొచ్చాయేమో, ఆ మాట నిజమని తేల్చుకుంది. రెండు గౌన్లు సంచిలో కుక్కుకుని కాలవగట్టు వెంట పేటకి నడిచి, ఎలీసమ్మ అరుగెక్కి, వచ్చేశానంది. ఎలీసమ్మ అన్నం పెట్టింది, చేపల పులుసు పోసింది, వచ్చేశావుగా, తిను అంది. ఆ ఊళ్ళో రైతుల పిల్లల్ని పేటవాళ్ళు అమ్మాయిగారూ, అబ్బాయిగారూ అని పిలవాలి, ఎలీసమ్మ ఒక్కతే ఆ పిల్లని ఒసే తవిటీ అనేది, కొనుక్కున్నది కాబట్టి. తిన్నాక చెయ్యి కడిగి, చీర చెంగుతో మూతి తుడిచి, వెనక్కి తీసుకెళ్తూ గట్టు మీద చెప్పింది. "కొన్నాను గానీయే, నా కాడ చోటేదీ. అందుకే మీ అమ్మకి దాచమని ఇచ్చేను. దాచమన్నదాన్ని అది నాదని ఆవిడెలా అనుద్ది?" ఆ మాట పిల్లకి సగం అర్థమైంది. అర్థమైన సగం ప్రకారం, ఇల్లు పెరటి మొక్కకి కూడా ఉంటుంది గానీ, తను మాత్రం ఒకరి దగ్గర దాచిన మరొకరి వస్తువు.

బళ్ళో హెడ్మాస్టరుగారికి తవిటమ్మ అని రాయడానికి కలం రాలేదు, మాధవీలత అని రాసేశారు. మర్నాడు మాధవీలతా అని పిలిస్తే ఎవరూ పలకలేదు. పిల్ల కూడా అందరితోపాటు ఆ మాధవీలత ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. తర్వాతెప్పుడో, పెద్దయ్యాక, ఆవిడ రాసిన మొదటి కథ అదే. తన పేరు పిలుస్తుంటే ఎవరినో పిలుస్తున్నారని వెతుక్కునే మనిషి. రామచంద్రపురం కాపరం రెండో కథ ఇచ్చింది. అత్తగారికి ఆ బేరం సంగతి ఎవరో చేరవేశారు, అప్పట్నుంచి కూరలో ఉప్పు ఎక్కువైనా, తవుడు తిన్న నోటికి రుచులెలా తెలుస్తాయిలే అనేది. మొగుడు బాబూరావు ఆ మాటకి తల్లిని ఏమీ అనకపోగా మూతి బిగించుకుని నవ్వేవాడు. తర్వాత మస్కట్ వెళ్ళాడు, అక్కడే ఇంకో కాపరం పెట్టాడు. చంటిపిల్లని చంకనేసుకుని మాధవీలత రాజోలు పుట్టింటికి తిరిగొచ్చింది, బళ్ళో ఉద్యోగం సంపాదించుకుంది, మిగిలిన పొద్దంతా రాసింది. తన పెళ్ళికి తనే చుట్టంలా వెళ్ళి భోంచేసి వచ్చేసిన పెళ్ళికూతురు. సొంత ఇంట్లో అద్దెకుండే ముసలాయన. ఏ ఒడ్డునా ఊరు లేని సరంగు. రాశాక కడుపునిండా అన్నం తిన్నట్టుండేది. ఏడుస్తూ రాశావా అని అడిగిందోసారి స్నేహితురాలు. లేదు, పళ్ళు కొరుక్కుంటూ రాశాను అంది మాధవీలత, అది నిజమే.

ఆ కథల మీద విశ్వవిద్యాలయం పెద్దాయన ఒకరు పెద్ద వ్యాసం రాశారు. పరాయీకరణ అన్నారు, అస్తిత్వ వేదన అన్నారు, పాశ్చాత్య తత్వవేత్తల ప్రభావం ఫలానా ఫలానా పుటల్లో కనిపిస్తోందన్నారు. మాధవీలత ఆ తత్వవేత్తల్ని అప్పుడు తెప్పించుకుని చదివింది. బాగానే ఉన్నారు, కష్టపడ్డారు, పాపం వాళ్ళనెవరూ తవుడుకి కొనలేదు. తనని కొన్నారు. కొన్న మనిషి పోయినప్పుడు పేట సమాధుల దొడ్లో ఎలీసమ్మ కొడుకులతో పాటు తనూ గుప్పెడు మట్టి వేసింది. పాస్టరుగారు ఈవిడెవరని అడిగితే, మా చెల్లెలండి అన్నాడు పెద్దకొడుకు, తడుముకోకుండా. అంత సులువుగా అనేశాడు. ఇంటికొచ్చి, ఎలీసమ్మ పోయింది కదమ్మా, ఇప్పుడు నేనెవరిదాన్ని అని అమ్మని అడిగింది, కొంచెం కసిగానే. ఆవిడ పోతే బేరం పోద్దేంటే అంది అమ్మ, బియ్యంలో రాళ్ళేరుకుంటూ. ఆ కసి అంతా ఇంకో రెండు కథలయింది. ఎవరూ నాది అనని పిల్ల ప్రతి కథలోనూ ఏదో ఒక వేషంలో వచ్చి నిలబడేది. జనం చదివారు. ఉత్తరాలు రాశారు, అమ్మా, ఇది నా కథే అని. ఎక్కడి తవుడు, ఎక్కడి ఉత్తరాలు. చేటలో పడుకున్న పిల్ల ఒక జిల్లా జిల్లా చేత చదివించింది. ఆ సంగతి తల్చుకున్నప్పుడు మాధవీలత వెన్ను దానంతటదే నిటారవుతుంది, ఇప్పుడూ అయింది. గర్వమే. ఎందుకు దాచుకోవాలి?

తొంభై ఆరు తుపానుకి ముందు ఎవరైనా అడిగితే, అమ్మని క్షమించలేదనే చెప్పేది. ఆ తుపానుకి కొబ్బరి చెట్లన్నీ తలకాయల్లేని మొండేల్లా నిలబడ్డాయి, చెరువుల్లో పశువులు తేలాయి, ఏ నీళ్ళు తాగాలో తెలియలేదు. ఆ నెలలోనే కూతురు దుర్గాశ్రీకి జ్వరం పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలి, కళ్ళు తేలేసి, పిలిస్తే పలక్కపోతే, బస్సులో కొంత, లారీలో కొంత, కాకినాడ ఆసుపత్రికి చేర్చారు అమ్మా తనూ. మాధవీలత అంటే అప్పటికి మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసిన మనిషి, దుర్గాశ్రీ పుట్టినప్పుడు అమ్మ భయపడుతూ చేట తెస్తే, దాన్ని తీసుకెళ్ళి పెరట్లోకి విసిరేసిన మనిషి. నర్సమ్మ గబగబా వచ్చి, పాప మీ అమ్మాయేనా అని అడిగింది. అంతే, నోరు దానంతటదే తెరుచుకుంది. మాది కాదండీ. ఆ గొంతు తనదే. అన్నాక తనే అదిరిపడింది. నర్సమ్మ చిరాకు పడి, అయితే తల్లిని పిలవండి, సంతకం పెట్టాలి అంటే, తనే పెడతానంది, మీరెవరంది ఆవిడ, చెప్పలేకపోయింది. నాది అంటే ఎవరో వినేస్తారు, ఆ తలుపు పక్కనే నిలబడి ఉన్నారు వినడానికి, అనకూడదు, ప్రాణం పోయినా అనకూడదు. పక్కనుంచి అమ్మ ముందుకొచ్చి, ఎలీసమ్మ మనవరాలండీ, సంతకం ఈవిడ పెట్టుద్ది, మీరు సూది వెయ్యండి ముందు అంది. ఒక్క మాటతో పిల్లని కూడా ఆ పాత తవుడులో కలిపేసింది. మాధవీలత గోడకి ఆనుకుని అమ్మని చూసింది. అమ్మ తనని చూడలేదు. ముప్పై ఏళ్ళుగా, ప్రతి వీధిలో, ప్రతి పెళ్ళిలో, ప్రతి రేవులో, ఆ ఒక్క మాట అనడానికి ఈవిడకి ఎంత ఖర్చయి ఉంటుందో తనకి ఆ పూట తెలిసింది. నాది కాదు అన్నప్పుడల్లా కాపలా కాసింది. తను ఆ కాపలాని గెంటివేత అనుకుని పుస్తకాలకి పుస్తకాలు రాసేసింది. దుర్గాశ్రీ కోలుకుంది, ఇప్పుడు జామచెట్టెక్కి దిగమంటే దిగదు. ఆ తర్వాత రాసిన నవలే ఈ బహుమతి తెచ్చింది. ఈవిడ కలంలో మునుపటి చేదు తగ్గిందని ఆ విశ్వవిద్యాలయం పెద్దాయన బాధపడ్డారు. తగ్గితే తగ్గిందిలే అనుకుంది. కానీ అర్థం కావడం వేరు, వినడం వేరు. అర్థమైతే బుద్ధికి చాలు, చెవి మాత్రం తన వాటా తను అడుగుతూనే ఉంటుంది.

"పేపర్లో బొమ్మ తమరిదేనాండీ?" పెద్దాయన లేచి వచ్చేశాడు. పేరు సుబ్బరాజట, మలికిపురం దగ్గర రొయ్యల చెరువులున్నాయట, వాళ్ళింట్లో ఆవిడ మాధవీలత సీరియలు వచ్చినన్నాళ్ళూ గురువారం వంట ఆలస్యం చేసేదట. చెప్పి, సంబరంగా నవ్వి, అమ్మ వైపు తిరిగాడు. ఇప్పుడు వద్దు, హాల్లోనే అడగనీ, ఇక్కడ కాదు అని మాధవీలత అనుకునేలోపే అడిగేశాడు. "మీ అమ్మాయేనాండీ?"

"మాది కాదండీ," అంది అమ్మ. "ఎలీసమ్మదండి."

రాజుగారు అమ్మ ముక్కు చూశాడు, మాధవీలత ముక్కు చూశాడు, పోలిక ఉందే అని గొణిగాడు. ఒకే గోదారి నీళ్ళు తాగితే పోలికలు రావేంటండీ అంది అమ్మ, మొహంలో ఏ మార్పూ లేకుండా. పాత నొప్పి వస్తుందని మాధవీలత పళ్ళు బిగించుకు కూర్చుంది. రాలేదు. నొప్పి రావలసిన చోటు నుంచి, కథ ఎత్తుగడ దొరికినప్పుడు వచ్చినట్టు, ఒక ఆలోచన తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ అందరూ ఒకే వైపునుంచి అడిగారు, తనూ ఒకే వైపునుంచి చెవి పెట్టుకు కూర్చుంది. పిల్ల ఎవరిది, పిల్ల ఎవరిది అని. చేటలో పెట్టింది తనని. తవుడు పోసింది తనకి. బేరం పిల్ల వరకే. అమ్మని ఎవరూ చేటలో పెట్టలేదు, అమ్మకెవరూ తవుడు పొయ్యలేదు, అమ్మని ఎవరూ అమ్మలేదు. మరి ఆవిడ ఎవరిది? ఇంత చదివి, ఇంత రాసి, ఇంత చిన్న సంగతి తట్టలేదు తనకి.

"రాజుగారూ," అంది మాధవీలత. "నేను ఆవిడ పిల్లని కాదండి. ఆవిడ మాత్రం మా అమ్మండి."

దిగువ వైపు నీళ్ళు చప్పుడు చేశాయి, పంటు అడుగున ఏదో వదిలినట్టయింది, సరంగు బీడీ పారేసి ఇంజను తిప్పాడు. ఆ మోత మధ్య రాజుగారు అయోమయంగా అమ్మకేసి వంగి, అంటే తమరు ఈవిడకి అమ్మగారేనాండీ అని అడిగాడు. అమ్మ ఆ ప్రశ్నని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది, సంతలో గుమ్మడికాయని తట్టి చూసినట్టు, ఎక్కడ పుచ్చు ఉందో, ఎక్కడ మోసం ఉందో. నీళ్ళకేసి చూసింది, ఆకాశంకేసి చూసింది. తర్వాత పెదాలు కదిలాయి. ఇంజను మోతలో ఏమీ వినపడలేదు. రాజుగారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏంటండీ అన్నాడు.

అప్పుడు అమ్మ, ఎవరు వింటారోనని ఆ ఒక్క మాటని జన్మంతా నోట్లోనే దాచుకున్న మనిషి, గొంతెత్తింది.

"ఆయ్! నేనేనండీ! దీనికి అమ్మని నేనేనండీ!"

గోనె కింద అరటిగెలల ఆసామి తల బయటపెట్టి చూశాడు. మోటారు సైకిళ్ళ మీద కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. పంటు పంటంతా అమ్మనే చూస్తోంది, అమ్మ ఆకుపచ్చ పట్టుచీరలో నిటారుగా కూర్చుని అందరినీ తిరిగి చూస్తోంది. మాధవీలతకి కళ్ళలో నీళ్ళూ నోట్లో నవ్వూ ఒక్కసారే వచ్చాయి. విన్నది. రెండు చెవులా విన్నది. ఆ సంతోషంలో అల్లరి పుట్టి, అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, అంత గట్టిగా అరిచేవేంటమ్మా, చావు వినేస్తుందేమో అంది.

"విననీవే," అంది అమ్మ. "నేను చెప్పింది నా సంగతి. నీ ఊసెత్తేనేంటి?"